మోకాలిచిప్ప: చిన్న బొక్క, పెద్ద బరువు

కొండగట్టు మెట్లు ఎక్కి దిగిన వాళ్ళందరికీ ఒక సంగతి అనుభవమే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు గానీ మోకాళ్ళు వణుకుతాయి. చైత్ర పౌర్ణమి నాటి చిన్న జయంతికి, వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద జయంతికి ఆంజనేయ దీక్ష తీసుకున్న స్వాములు ఊళ్ళ నుంచి కాలినడకన వస్తారు. దర్శనం అయ్యాక కొండ దిగుతూ మధ్యలో కూర్చుండిపోయి మోకాళ్ళు పట్టుకునే వాళ్ళను చాలామందిని చూస్తాం. ఎక్కడం కష్టం కావాలి గానీ దిగడం ఎందుకు కష్టం? దీనికి జవాబు మోకాలి ముందు అరచేతిలో ఇమిడే ఒక చిన్న బొక్కలో ఉంది. అదే మోకాలిచిప్ప.

మనలో చాలామంది బొక్కల పేర్లు పరీక్షల కోసం బట్టీపట్టిన వాళ్ళమే. మనిషి శరీరంలో 206 ఎముకలు. ఒక్కో కాలులో 30. తొడ ఎముక 1, అంతర్జంఘిక 1, బహిర్జంఘిక 1, చీలమండ ఎముకలు 7, పాదం ఎముకలు 5, వేళ్ళ ఎముకలు 14. ఇవన్నీ కూడితే 29 అవుతాయి. మిగిలిన ఆ ఒక్కటే మోకాలిచిప్ప. లెక్కలో చివరికి మిగిలిపోయే ఈ బొక్క నడకలో మాత్రం ముందు నిలబడుతుంది.

పేరులోనే రూపం

ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని పటెల్లా అంటారు. అది లాటిన్ మాట. చిన్న పళ్ళెం అని దాని అర్థం. మనవాళ్ళు కొబ్బరిచిప్పను చూసి మోకాలిచిప్ప అన్నారు. ఎక్కడి రోమ్, ఎక్కడి కరీంనగర్! ఇద్దరికీ తట్టిన పోలిక మాత్రం ఒక్కటే.

శరీరశాస్త్రంలో దీన్ని సెసమాయిడ్ ఎముకల జాతిలో చేర్చారు. సెసమాయిడ్ అంటే నువ్వుగింజ లాంటిది అని. కండరాన్ని ఎముకకు కట్టిపెట్టే గట్టి తాడు లాంటి దాన్ని స్నాయుబంధనం అంటారు. ఆ తాడు లోపలే పుట్టి పెరిగే ఎముకలను నువ్వుగింజ ఎముకలు అంటారు. కాలి బొటనవేలి కింద ఇలాంటివి నిజంగానే గింజల్లాగా రెండు ఉంటాయి. వీటన్నిట్లోకీ పెద్దది మోకాలిచిప్ప. పెద్దవాళ్ళలో ఇది సుమారు 4 నుంచి 4.5 సెంటీమీటర్ల పొడవు, దాదాపు అంతే వెడల్పు, 2 సెంటీమీటర్లకు పైగా మందం ఉంటుంది.

పసిపిల్లలకు మోకాలిచిప్ప ఉండదని కొందరు అంటారు. అది సగమే నిజం. పుట్టినప్పుడు అది మెత్తని మృదులాస్థిగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలో కనబడదు. 3 నుంచి 6 ఏళ్ళ మధ్య అందులో ఎముక ఏర్పడటం మొదలవుతుంది. ఆడపిల్లల్లో కాస్త ముందు, మగపిల్లల్లో కాస్త వెనక.

లోపల ఎలా ఉంటుంది?

మోకాలు చాపి, తొడ బిగించకుండా వదులుగా పెట్టి చిప్పను వేళ్ళతో పట్టుకోండి. అటూ ఇటూ కదులుతుంది. ఇప్పుడు తొడ బిగించండి. చిప్ప పైకి జరిగి బిగుసుకుంటుంది. ఈ చిన్న పరీక్షతోనే దాని నిర్మాణం సగం అర్థమవుతుంది.

చిప్ప త్రికోణాకారంలో ఉంటుంది. వెడల్పాటి పీఠం పైకి, మొన కిందికి. తొడ ముందుభాగంలో నాలుగు తలల పెద్ద కండరం ఉంది. దాన్ని క్వాడ్రిసెప్స్ అంటారు. ఆ నాలుగూ కలిసి ఒక్క తాడుగా మారి చిప్ప పై అంచును పట్టుకుంటాయి. చిప్ప కింది మొన నుంచి ఇంకొక గట్టి పట్టీ బయలుదేరి ముంగాలు ఎముక, అంటే అంతర్జంఘిక ముందున్న బొడిపెకు అతుక్కుంటుంది. మోకాలికి రెండు మూడు వేళ్ళ కింద తడిమితే ఆ బొడిపె చేతికి తగులుతుంది. అంటే తొడ కండరం, చిప్ప, కింది పట్టీ, బొడిపె ఇవన్నీ ఒకే గొలుసు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా కాలు చాపడం కుదరదు.

చిప్ప ముందు ముఖం ఉబ్బెత్తుగా, గరుకుగా ఉంటుంది. దాని మీద చర్మానికీ ఎముకకూ మధ్య పలుచని నీటి సంచి ఉంటుంది. చర్మం ఒరుసుకోకుండా కాపాడేది అదే. వెనక ముఖం నున్నగా మెరుస్తూ ఉంటుంది. అక్కడ మృదులాస్థి పొర కొన్నిచోట్ల 5 మిల్లీమీటర్ల దాకా మందం ఉంటుంది. శరీరంలో ఇంత మందమైన మృదులాస్థి ఇంకే కీలులోనూ లేదు. ప్రకృతి ఇక్కడ ఇంత మందం పెట్టిందంటే ఇక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో ఊహించుకోవచ్చు.

వెనక ముఖం మధ్యలో నిలువుగా ఒక గట్టు ఉంటుంది. ఆ గట్టు తొడ ఎముక చివరన ఉన్న గాడిలో కూర్చుని పైకీ కిందికీ జారుతుంది. గట్టుకు బయటివైపు భాగం పెద్దది, లోపలివైపు భాగం చిన్నది. వైద్య విద్యార్థులు దీనితో ఒక చిట్కా నేర్చుకుంటారు. విడి చిప్పను వెనక ముఖం బల్లకు ఆనేలా, మొన మనకు ఎదురుగా దూరంగా ఉండేలా పెడితే అది ఒక పక్కకు ఒరుగుతుంది. కుడికి ఒరిగితే కుడికాలిది, ఎడమకు ఒరిగితే ఎడమకాలిది.

చిప్ప చేసే పని

చిప్ప లేకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద వైద్యులే ఒకప్పుడు వాదించుకున్నారు. 1937లో రాల్ఫ్ బ్రూక్ అనే బ్రిటిష్ శస్త్రవైద్యుడు మోకాలిచిప్ప వల్ల పెద్ద ప్రయోజనం లేదనీ, విరిగితే తీసేయడమే మంచిదనీ రాశాడు. చాలామంది ఆ మాట నమ్మి విరిగిన చిప్పలు తీసేశారు. 1945లో హాక్స్‌టన్ అనే వైద్యుడు చిప్ప తీసేసిన కాళ్ళ బలాన్ని పరిశీలించి, చిప్పకు పని ఉందని చూపించాడు. చిప్ప లేని మోకాలిలో కాలు చాపే బలం మూడో వంతు దాకా తగ్గిపోవచ్చని ఇప్పుడు మనకు తెలుసు.

ఎందుకు తగ్గుతుంది? గది తలుపును బందుల దగ్గర చేయి పెట్టి తోసి చూడండి. కష్టంగా కదులుతుంది. అదే తలుపును అంచు దగ్గర తోస్తే ఒక్క వేలుతో తెరుచుకుంటుంది. బలం ఒక్కటే, ఇరుసుకు దూరం మారింది. మోకాలు కూడా బందు మీద తిరిగే తలుపు లాంటిదే. చిప్ప ముందుకు పొడుచుకొని ఉండి కండరం తాడును ఇరుసు నుంచి దూరంగా నెడుతుంది. దానితో అదే కండరం ఎక్కువ బలంగా కాలును చాపగలుగుతుంది. చేదబావి మీద గిరక తాడు దిశను మళ్ళించినట్టు, మోకాలు వంగినప్పుడు చిప్ప కండరం లాగుడును మళ్ళిస్తుంది. పైగా తాడు నేరుగా ఎముకకు ఒరుసుకుని అరిగిపోకుండా అడ్డం ఉంటుంది.

మెట్ల లెక్క

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. 1972లో రైలీ, మార్టెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు చిప్పకూ తొడ ఎముకకూ మధ్య పడే ఒత్తిడిని లెక్కగట్టారు. చదును నేల మీద నడిచేటప్పుడు అది శరీరం బరువులో సగం. మెట్లు ఎక్కి దిగేటప్పుడు మూడు రెట్లకు పైగా. గొంతుకు కూర్చుని లేచేటప్పుడు ఏడెనిమిది రెట్లు.

50 కిలోల విద్యార్థిని తీసుకోండి. నడకలో అతని చిప్ప మీద సుమారు 25 కిలోలు. మెట్ల మీద 160 కిలోలకు పైన. గొంతుకు కూర్చుంటే 350 కిలోలకు పైనే. నిండు బకెట్టు పట్టుకుని హాస్టల్ మెట్లెక్కితే ఆ బకెట్టు బరువు కూడా అన్ని రెట్లయి చిప్ప మీదికి వస్తుంది.

దిగేటప్పుడు వణుకు ఎందుకంటే, ఎక్కేటప్పుడు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే బరువును ఆపాలి. లారీ ఘాట్ దిగుతూ బ్రేకు మీద కాలు తీయకుండా ఉండడం లాంటిది. ఆ బ్రేకు పట్టేది తొడ కండరం, దాని ఒత్తిడి అంతా మోసేది చిప్ప. కండరం అలసిపోతే బ్రేకు వదులవుతుంది, మోకాలు వణుకుతుంది.

అయితే గొంతుకు కూర్చోవడం చెడ్డదా? కాదు. మోకాలు వంగే కొద్దీ చిప్పలో గాడికి ఆనే చోటు మారుతుంది. కొద్దిగా వంగినప్పుడు చిప్ప కింది భాగం, ఇంకా వంగితే మధ్య భాగం, 90 డిగ్రీలు వంగేసరికి పై భాగం ఆనుతుంది. ఆనే వైశాల్యం కూడా పెరుగుతుంది. అంటే బరువు ఒకే చోట పడకుండా పంచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలికి గొంతుకు కూర్చోవడం, సకిలం ముకిలం వేసుకుని బంతిలో భోంచేయడం కొత్త కాదు. నొప్పి ఉన్న మోకాలిని మాత్రం కొన్నాళ్ళు దాని నుంచి తప్పించాలి.

కొండ దిగేటప్పుడు తొందరపడకండి. మెట్లు రెండేసి దూకకండి. పక్కన గోడో కమ్మీయో ఉంటే పట్టుకోండి. మధ్యమధ్య ఆగి కాళ్ళు చాపుకోండి.

పశువుల కొట్టంలో చిప్ప

మనలో వ్యవసాయ కుటుంబాల వాళ్ళు ఇది చూసే ఉంటారు. ఎద్దో బర్రెనో లేచి నడవబోతే వెనక కాలు వెనక్కి చాపుకుని బిగుసుకుపోతుంది. కాలు ఈడ్చి, ఒక్కసారి ఝాడించి వేస్తుంది. గాలి సోకిందనో దిష్టి తగిలిందనో అనుకుని వాతలు పెట్టిస్తే లాభం లేదు. పశువు వెనక కాలి చిప్ప పైకి జరిగి తొడ ఎముక గట్టు మీద కొక్కెంలా ఇరుక్కుంటుంది. పశువైద్యుడు ఆ చోట మత్తుసూది ఇచ్చి, చిప్పను లోపలివైపు లాగి పట్టే పట్టీని కోస్తాడు. కొద్ది నిమిషాల పని. చాలా పశువులు వెంటనే మామూలుగా అడుగు వేస్తాయి. విచిత్రం ఏమిటంటే గుర్రం ఇదే ఏర్పాటును కావాలని వాడుకుంటుంది. చిప్పకు తాళం వేసినట్టు బిగించుకుని నిలబడే నిద్రపోతుంది. ఇక ఉష్ట్రపక్షికి ఒక్కో మోకాలికి రెండేసి చిప్పలు!

తట్టితే ఎగిరే కాలు

ఇది రూములో చేసి చూడవచ్చు. ఎత్తైన బల్ల మీద కూర్చుని కాళ్ళు వేలాడదీయండి. చిప్పకు కింద ఉండే మెత్తటి పట్టీ మీద స్నేహితుణ్ణి అరచేతి అంచుతో చిన్నగా తట్టమనండి. కాలు తనంతట తానే ముందుకు ఎగురుతుంది. పట్టీ లాగబడగానే తొడ కండరం సాగుతుంది, ఆ కబురు నడుము దగ్గరి వెన్నుపాముకు వెళ్తుంది, అక్కడి నుంచే కుంచించుకోమని ఆజ్ఞ తిరిగి వస్తుంది. మెదడు అనుమతి కోసం ఆగదు. 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు వైద్యులు ఎవరికి వారే దీన్ని ప్రకటించారు. డాక్టర్లు చిన్న సుత్తితో తట్టేది నరాల దారి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికే.

చిప్పకు వచ్చే కష్టాలు

మొదటిది విరగడం. రెండు రకాలుగా విరుగుతుంది. బండి మీద నుంచి పడి మోకాలు నేలకు కొట్టుకున్నా, బస్సు ఢీకొని ముందు సీటుకు తగిలినా చిప్ప నక్షత్రంలా పగలవచ్చు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన ఘోరాన్ని మన ప్రాంతం మరిచిపోలేదు. అంత పెద్దవి కాకపోయినా రోజూ రోడ్ల మీద జరిగే ప్రమాదాల్లో దెబ్బ ముందుగా తగిలే చోట్లలో మోకాలు ఒకటి. రెండో రకంలో దెబ్బే అక్కరలేదు. కాలు జారినప్పుడు పడకుండా ఆపుకోబోతే తొడ కండరం ఒక్కసారిగా లాగి చిప్పను అడ్డంగా రెండు ముక్కలు చేస్తుంది.

ఎలా తెలుసుకోవాలి? వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా మడమను నేల నుంచి పైకి లేపమనండి. లేపలేకపోతే గొలుసు ఎక్కడో తెగినట్టే. మోకాలు వెంటనే ఉబ్బినా, చిప్ప మీద వేలికి పగులు తగిలినా ఆలస్యం చేయకూడదు. లేపగలిగినా వాపు ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. నూనె పెట్టి గట్టిగా రుద్దించడం, వెదురు బద్దల కట్టు కట్టించడం వంటివి చేస్తే ముక్కలు ఇంకా ఎడం కావచ్చు. చిప్ప లోపలి ముఖం నున్నగా అతకకపోతే జీవితాంతం గరగరలాడుతుంది. కాలు చాపి, దిండు ఆధారం పెట్టి, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆరోగ్యమిత్రను అడగండి.

ముక్కలు ఎడం కాకపోతే కొన్ని వారాల కట్టు చాలు. ఎడమైతే రెండు కడ్డీలు గుచ్చి, వాటి చుట్టూ తీగను 8 అంకె ఆకారంలో బిగిస్తారు. ఇందులో తమాషా ఉంది. మోకాలు వంచినప్పుడు ముక్కలను విడదీయాలని చూసే బలాన్నే ఆ తీగ వాటిని దగ్గరికి నొక్కే బలంగా మారుస్తుంది. ఇంకొక మాట. నూటికి సుమారు ఇద్దరిలో చిప్ప పుట్టుకతోనే రెండు ముక్కలుగా ఉంటుంది. ఎక్స్‌రేలో పై బయటి మూలన నున్నని అంచులతో చిన్న ముక్క కనిపిస్తే అది విరుగుడు కాకపోవచ్చు.

రెండోది పక్కకు జారడం. చిప్ప దాదాపు ఎప్పుడూ బయటివైపే జారుతుంది. కబడ్డీలో కాలు పాతి ఒళ్ళు తిప్పినప్పుడు ఇలా జరగవచ్చు. మోకాలు లోపలికి వంగిన వాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. ఆటగాళ్ళు చుట్టూ చేరి బలవంతంగా తోయకూడదు.

మూడోది 10 నుంచి 15 ఏళ్ళ మధ్య వచ్చేది. పరుగు, వాలీబాల్, కబడ్డీ ఎక్కువ ఆడే పిల్లలకు చిప్ప కింది బొడిపె ఉబ్బి నొప్పి పెడుతుంది. ఎదిగే వయసులో ఆ బొడిపె ఇంకా గట్టిపడి ఉండదు, కండరం దాన్ని పదేపదే లాగుతుంది. 1903లో దీన్ని వివరించిన ఇద్దరు వైద్యుల పేరున ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. భయపడాల్సింది కాదు. ఆట తగ్గించి, మంచుముక్క గుడ్డలో చుట్టి పెడితే నెమ్మదిస్తుంది, ఎదుగుదల ఆగాక చాలామందిలో పోతుంది.

నాలుగోది మోకరిల్లి పనిచేసే వాళ్ళకు వచ్చేది. చిప్ప ముందరి నీటి సంచి ఒత్తిడికి వాచిపోతుంది. బొగ్గు గనుల్లో మోకాళ్ళ మీద పనిచేసే కార్మికులకు ఈ బాధ ఉండేదని వైద్య గ్రంథాల్లో ఉంది. సింగరేణి కుటుంబాల నుంచి వచ్చిన మన మిత్రులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. చిన్న పిల్లలను శిక్షగా మోకాళ్ళ మీద నిలబెట్టడం కూడా ఈ లేత చోటు మీద బరువు మోపడమే. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వర్తించే 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను నిషేధించింది. ఈ సంగతి పిల్లలూ పెద్దలూ తెలుసుకోవాలి.

ఐదోది నీళ్ళ వల్ల వచ్చినది. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడాన్ని 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. కాలు వంగితే చిప్ప గాడి కూడా పక్కకు పోతుంది. మోకాలి ఆరోగ్యం తాగే నీటితో మొదలవుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

ఇవి ఎందుకు తెలుసుకోవాలి?

మన హాస్టళ్ళ నుంచి ఏటా ఎందరో పోలీసు, సైన్యం ఉద్యోగాలకు తయారవుతారు. ఆ నియామకాల్లో మోకాళ్ళు రాసుకునే వాళ్ళను తిరస్కరిస్తారు. పరుగు పందెం ఉంటుంది. 14 ఏళ్ళప్పుడు దాచుకున్న దెబ్బ 20 ఏళ్ళప్పుడు ఉద్యోగానికి మోకాలడ్డవచ్చు. ఇంటికి పంపుతారేమోనని, ఖర్చవుతుందేమోనని నొప్పి దాచుకునే అలవాటు మన పిల్లల్లో ఉంది. వార్డెన్ గారికి చెప్పండి. అడిగితే తప్పు లేదు.

దెబ్బ తగిలితే ఆట అయిపోయినట్టు కాదు. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2016 రియో ఒలింపిక్స్ తరువాత కుడి మోకాలికి శస్త్రచికిత్స చేయించుకుంది. 2017లో ప్రపంచ పోటీల్లో కాంస్యం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ మన లాగే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న, 14 ఏళ్ళు నిండకముందే, ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఎక్కిన వాళ్ళు క్షేమంగా దిగాలి కూడా. ఆ దిగుడులో ప్రతి అడుగుకూ బ్రేకు పట్టింది తొడ కండరం, ఆ భారం మోసింది మోకాలిచిప్ప.

చిప్పకు అసలు కాపలాదారు తొడ కండరమే. దాన్ని గట్టి చేయడానికి ఖర్చు లేదు. రోజూ పొద్దున నేల మీద కాళ్ళు చాపి కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, 5 సెకన్లు కిందికి నొక్కి వదలండి. 10 సార్లు. తరువాత వెల్లకిలా పడుకుని కాలు వంచకుండా జానెడు ఎత్తు లేపి 5 సెకన్లు ఆపి దించండి. ఒక్కో కాలికి 10 సార్లు. నలభై దాటిన పూర్వ విద్యార్థులకూ ఇదే మందు. వారు శరీరం బరువు కూడా చూసుకోవాలి. 1 కిలో తగ్గితే మెట్ల మీద చిప్పకు 3 కిలోల భారం తగ్గినట్టు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నల మోకాళ్ళ సంగతి కూడా ఒకసారి అడగండి. రోజంతా చాటతో బీడీలు చుడుతూ కూర్చున్న అమ్మ, నాటుకూ కోతకూ వంగిన నాన్న ఆ నొప్పిని వయసు మీద వేసి ఊరుకుంటారు. ఈ రెండు కసరత్తులు వాళ్ళకు నేర్పండి. వాపు, పట్టేయడం ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్ళండి. వాళ్ళ మోకాళ్ళు మోసిన బరువు మీదే మనం ఇంతదూరం వచ్చాం.